తొమ్మిదో మంచం, తెల్ల జడ

మా తోడికోడల్ని నేను "అది" అంటాను. "చిన్నది" అంటాను. ఒళ్ళు మండినప్పుడు ఇంకా చాలా అంటాను గానీ అవి నలుగురిలో చెప్పుకునేవి కావు. అది నాకంటే ఏడేళ్ళు చిన్నది. నన్ను "అక్కా" అంటుంది. మా ఆయన, దాని మొగుడు అన్నదమ్ములు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ రోజుకి పది మాటలు మాట్లాడుకుంటే గొప్ప. ఆ లోటు మేమిద్దరం తీరుస్తున్నాం. ఇరవై రెండేళ్ళుగా ఒకే పొయ్యి దగ్గర పోట్లాడుకుంటున్నాం, ఇంతవరకూ పొయ్యి వేరు పెట్టుకోలేదు.

ఇద్దరం పనిచేసేది ఒకే ఆసుపత్రిలో. నాది దుప్పట్ల గది. వార్డుల నుంచి మాసినవి దిగుతాయి, ఉతికి ఆరినవి పైకెళ్తాయి. మధ్యలో మడత పెట్టేది నేను. చిన్నది ఆడవాళ్ళ వార్డులో ఆయా, పదకొండేళ్ళ నుంచి. పక్క దులపడం, వీపు తుడవడం, బాత్రూమ్‌కి నడిపించడం, తినలేనివాళ్ళకి తినిపించడం, అన్నీ దానివే. దాని చెయ్యి మెత్తన. నా నోరు గట్టి. ఇంట్లో సర్దుకుపోవడానికి అది సరిపోయింది.

పోయినేడు పైవాళ్ళకి ఓ బుద్ధి పుట్టింది. ఆయాలు డ్యూటీ దిగేటప్పుడు ఒక పుస్తకంలో రాసిపెడతారు: ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు, రేపు పొద్దున ఎవరికి తిండి పెట్టకూడదు. వంటగది నుంచి బండి తోసుకొచ్చే ఆవిడ ఆ పుస్తకం చూసే పళ్ళెం పెడుతుంది. ఇకమీదట అది ఇంగ్లీషులో రాయాలన్నారు. అయ్యా, మా ఆయాల్లో సగం మందికి సొంత సంతకం పెట్టడానికే చెమటలు పడతాయి! పైగా పేర్లు రాయకూడదట, గోప్యతట. నంబరే రాయాలట.

నేర్పించడానికి ఒక మాస్టార్ని పెట్టారు. వారానికి మూడు రోజులు, మధ్యాహ్నం మూడింటికి. ఎక్కడ? నా గదిలో! పొడుగు బల్ల ఉన్నది నా ఒక్కదాని గదిలోనే కదా. ఒక చివర ఆయాలు పుస్తకాలు తెరిచి కూర్చుంటే, ఇంకో చివర నేను దుప్పట్లు మడత పెట్టేదాన్ని. వినాలని వినలేదు. చెవులకి మూతల్లేవు, ఏం చేస్తాం.

మాస్టారు బక్కపల్చటి మనిషి. రెండు పెన్నులు జేబులో, ఒకటి చెవి మీద. ఒకరోజు ఆయన, "ఇది నా పెన్ను, అది నా చెల్లెలు. ఇంగ్లీషులో చెప్పండి" అన్నాడు. అందరూ ఒక్క గొంతుతో, "దిస్ ఈజ్ మై పెన్. ఇట్ ఈజ్ మై సిస్టర్" అన్నారు.

మాస్టారు తల పట్టుకున్నాడు. "చెల్లెల్ని పట్టుకుని ఇట్ అంటారా తల్లీ! మన దగ్గర వేలు పెట్టి చూపించే మాటా, మనిషిని అనే మాటా ఒకటే. గోడనీ అది అంటాం, చెల్లెల్నీ అది అంటాం. ఇంగ్లీషులో అలా కుదరదు. చూపించడానికి దిస్, దట్. చూపించాక, ఆడమనిషైతే షీ. వస్తువైతే ఇట్."

చిన్నది చెయ్యెత్తింది. "మరి మొదట్లోనే షీ అనేస్తే ఏమవుతుంది సార్?"

"ఎవరా షీ అని అడుగుతారమ్మా వినేవాళ్ళు. ముందు పరిచయం చెయ్యాలి. ఫలానా మనిషి ఈవిడ అని చూపించాలి. ఆ తర్వాత షీ అంటే గౌరవంగానూ ఉంటుంది, అర్థమూ అవుతుంది. పరిచయం అయిపోయాక కూడా దిస్, దట్ అంటూ ఉన్నారనుకోండి, ఎదురుగా ఉన్న మనిషికి వేలు చూపించినట్టుంటుంది."

మిగతావాళ్ళు అది పరీక్ష కోసం రాసుకున్నారు. మా చిన్నది మాత్రం వేదవాక్కులా పట్టుకుంది. దానికదే జబ్బు, ఏదైనా పట్టుకుంటే వదలదు. ఆ సాయంత్రం వంటింట్లో గరిటె నావైపు తిప్పి, "దిస్ ఈజ్ మై అక్క. షీ ఈజ్ ఆల్వేస్ యాంగ్రీ" అంది.

"ఆల్వేస్ అంటే ఏంటే?"

"ఎప్పుడూ, అక్కా."

"యాంగ్రీ అంటే?"

అది గరిటె కింద పెట్టి పెరట్లోకి పారిపోయింది.

ఆ రోజు నుంచీ దాని పుస్తకం రాత మారింది. మిగతా ఆయాలు "బెడ్ సెవెన్, ఓకే. బెడ్ ఎయిట్, ఓకే" అని రెండు నిమిషాల్లో గిలికి ఇంటికి పోయేవాళ్ళు. ఇది అరగంట కూర్చునేది. నంబరు రాశాక, ప్రతి మంచానికీ ఆ మనిషెవరో తెలిసేలా ఒక వాక్యం రాసేది. పేరు రాయకూడదన్నారు గానీ మనిషిని రాయకూడదని ఎవరూ అనలేదు కదా, అంటుంది. బెడ్ సెవెన్, దిస్ ఈజ్ లేడీ విత్ గ్రీన్ షాల్, షీ లాఫ్స్ అలోన్. బెడ్ ట్వెల్వ్, దిస్ ఈజ్ లేడీ విత్ షార్ట్ బ్లాక్ హెయిర్, షుగర్ పేషెంట్, షీ ఫియర్స్ నీడిల్, హోల్డ్ హ్యాండ్. వార్డు పెద్ద సిస్టరు చదివి పడీపడీ నవ్విందట. "రిపోర్టు రాయమంటే నవల రాస్తున్నావేంటి! నంబరు చాలు" అందట. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. మనది ఆపితేనా!

ఇక తొమ్మిదో మంచం. కిటికీ పక్కది. వార్డులో గాలి తగిలే మంచం అదొక్కటే. దాని మీద ఒక పెద్దావిడ ఉండేది, కుట్టుపని చేసి పిల్లల్ని పెంచిన మనిషి. మోకాళ్ళ దాకా తెల్లటి జడ. చిన్నది రోజూ ఆ జడ దువ్వి అల్లేది, "జడపిన్నీ" అని పిలిచేది. పిత్తాశయంలో రాళ్ళు. బుధవారం పొద్దున ఆపరేషన్. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి చిన్నది పుస్తకంలో రాసి ఇంటికొచ్చేసింది. బుధవారం దానికి వారపు సెలవు.

గురువారం వెళ్ళేసరికి వార్డు అట్టుడికిపోతోంది. బుధవారం పొద్దున జడపిన్నికి ఎవరో రొట్టె, పాలు పెట్టేశారు. ఆవిడ నమ్మకంగా తినేసింది. ఆపరేషన్ బల్ల దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చారు. నొప్పితో ఇంకో వారం ఆగాలన్నారు. అక్కడితో అయిపోలేదు. పన్నెండో మంచం షుగరు పేషెంటుకి, అంటే మా మేనేజరు గారి అత్తగారికి, మధ్యాహ్నం దాకా చుక్క పాలు కూడా ఇవ్వలేదు. ఆవిడ కళ్ళు తిరిగి పడిపోయింది. ఇంత జరిగాక ఎవరో ఒకరి నెత్తిన పడాలిగా. ఎవరు దొరికారు? ఇంగ్లీషు రానిది దొరికింది.

ఆ సాయంత్రం చిన్నది ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూలబడింది. చేతిలో మెమో కాయితం. తన ఇంగ్లీషు తప్పుల వల్లే పొరపాటు జరిగిందని ఒప్పుకుని సంతకం పెట్టాలి. పెడితే వార్డు నుంచి తీసేసి మరుగుదొడ్లు కడిగే పనికి వేస్తారు. పెట్టకపోతే నెలాఖరుకి కాంట్రాక్టు చెల్లు, గేటు బయటికి. గడువు మర్నాడు పదకొండింటి దాకా.

నేను మంచి మాట చెప్పాననే అనుకున్నా. "పెట్టెయ్యవే. సంతకమేగా, ఒళ్ళేమైనా అరిగిపోతుందా? మరుగుదొడ్లయితే మరుగుదొడ్లు. జీతం జీతమే."

"నేను తప్పు రాయలేదక్కా."

"తప్పో ఒప్పో, వాళ్ళతో మనకెందుకు? బలవంతుడితో పంతమా?"

అది తలెత్తి చూసింది. అలాంటి చూపు దాని దగ్గర నేనెప్పుడూ చూడలేదు. "మొన్న సాయంత్రం నాలుగింటికి జడపిన్నిని పన్నెండో మంచానికి జరిపారట. ఆవిడే చెప్పింది. అక్కడున్న మేనేజరు గారి అత్తగారికి బాత్రూమ్ వాసన పడలేదు, కిటికీ కావాలంది. సిస్టరు ఇద్దర్నీ అటూ ఇటూ మార్చేసింది. పుస్తకంలో మార్చలేదు. ఆపరేషన్ తొమ్మిదో మంచానికి అని నేను రాశాను, నిన్న పొద్దున ఆ మంచంలో ఉన్నావిణ్ణి పస్తు పెట్టారు. నంబరు తర్వాత ఇంకో నాలుగు మాటలు చదివితే సరిపోయేదక్కా. తెల్ల జడ అని రాశాను. పన్నెండులో నల్ల క్రాఫు అని రాశాను. చదవలేదు వాళ్ళు. చదవనిది వాళ్ళు, రాయడం రానిది నేనా?"

"మరి ఆ మాట చెప్పలేకపోయావా?"

"చెప్పాను. మంచాలెవరూ మార్చలేదు, పెద్దావిడకి మతిమరుపు అంది సిస్టరు. పెద్దావిడ మాటెవరు నమ్ముతారు?"

నేను లేచాను. అన్నం వడ్డించాను. అది ముద్ద ముట్టలేదు. నాకూ సయించలేదు. పదకొండేళ్ళు ఎవరెవరివో ఒళ్ళు తుడిచిన చేతులు పళ్ళెం పక్కన ఊరికే పడున్నాయి. సంతకం పెట్టమన్నందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

అప్పుడు గుర్తొచ్చింది. మంగళవారం, సాయంత్రం నాలుగు.

మా దగ్గరొక పద్ధతుంది. మంచం మీద మనిషి మారితే పక్కంతా మారాలి: దుప్పటి, దిండు గలీబు, కింద రబ్బరు షీటు. వార్డు నుంచి చీటీ వస్తేనే నేను కొత్తవి ఇస్తాను. చీటీ మీద మంచం నంబరు, టైము, సిస్టరు సంతకం ఉండాలి. ఇవ్వగానే ఆ చీటీని గోడకున్న ఇనప తీగకి గుచ్చేస్తాను. మామూలుగా పక్కలు పొద్దున్నే మారతాయి. సాయంత్రం నాలుగింటికి రెండు పక్కలు అడిగారని నేనే ఆ రోజు విసుక్కున్నాను. "ఇప్పుడేం పుట్టింది వీళ్ళకి" అని గట్టిగానే అన్నాను.

శుక్రవారం అందరికంటే ముందు వెళ్ళి తీగ మొత్తం దులిపాను. దొరికింది. "తొమ్మిది, పన్నెండు. రెండేసి దుప్పట్లు, ఒక్కో గలీబు, ఒక్కో రబ్బరు షీటు. నాలుగూ పది." కింద సిస్టరమ్మ సంతకం, పాము మెలికలా. కాయితం చేతిలో పెట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. నాకూ భయమే. నేను రిటైరవ్వడానికి ఇంకా ఐదేళ్ళుంది. మేనేజరుతో పెట్టుకుంటే నా పొడుగు బల్లా పోవచ్చు. పోతే పోనీ అనుకున్నాను. చీటీ మడిచి బొడ్లో దోపుకున్నాను.

పదకొండింటికి మేనేజరు గదిలో పంచాయితీ. మేనేజరు, సిస్టరు, ఆపరేషన్ చెయ్యాల్సిన పెద్ద డాక్టరమ్మ కూర్చున్నారు. చిన్నది నిలబడి ఉంది. నన్నెవరూ పిలవలేదు. ఉతికిన కర్టెన్లు తగిలించే వంకతో లోపలికి దూరి, కిటికీ దగ్గర ఒక్కొక్క కొక్కెమే మెల్లగా తగిలిస్తూ నిలబడ్డాను.

మేనేజరు మెమో చదివాడు. "దిస్ ఆయా హాజ్ నో నాలెడ్జ్ ఆఫ్ ఇంగ్లీష్." ఆపి డాక్టరమ్మతో అన్నాడు, "దీనికి ఇంగ్లీషు రాదు మేడమ్. ఇది రాసింది ఎవరికీ అర్థం కాదు. చూడండి."

సిస్టరు పుస్తకం అందుకుని, గొంతు సాగదీసి చదివింది. "బెడ్ నైన్. దిస్ ఈజ్ లేడీ విత్ వైట్ లాంగ్ జడ. షీ వాజ్ టైలర్. టుమారో ఆపరేషన్. మార్నింగ్ నో ఫుడ్ ఫర్ షీ." చదివి నవ్వింది. "జడ అట మేడమ్, ఇంగ్లీషులో! ఫర్ షీ అట!"

మేనేజరు నవ్వాడు. డాక్టరమ్మకీ నవ్వొచ్చింది. నవ్వి, ఆగింది. "ఇందులో అర్థం కానిదేముంది?" అంది.

సిస్టరు చేతిలోంచి పుస్తకం తీసుకుంది డాక్టరమ్మ.

"నేను ఆపరేషన్ చెయ్యాల్సిన మనిషికి తెల్ల జడ ఉంది. జడ అనే రాసింది. తిండి పెట్టొద్దనే రాసింది. బుధవారం పొద్దున తొమ్మిదో మంచంలో ఉన్నావిడకి జడ ఉందా?"

ఉంటేగా! మేనేజరు అత్తగారిది చెవుల దాకా కత్తిరించి రంగేసిన నల్ల జుట్టు. మేనేజరు కాలరు సర్దుకున్నాడు. ఎవరూ అడక్కముందే సిస్టరు, "మంచాలు ఎవరూ మార్చలేదు మేడమ్, ప్రమాణపూర్తిగా" అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు!

ఇంక నా నోరు ఆగలేదు. స్టూలు మీంచి దిగి చీటీ బల్ల మీద పెట్టాను. "మార్చకపోతే నాలుగూ పదికి రెండు మంచాలకీ కొత్త పక్కలెందుకమ్మా? నా గదిలో దుప్పటి ఊరికే కదలదు. ఇది మీ సంతకమేగా? లేకపోతే ఇదీ మతిమరుపేనా?"

డాక్టరమ్మ చీటీ చదివింది. సిస్టరు వైపు చూసింది, తర్వాత మేనేజరు వైపు చూసింది. ఆయన పెద్దమనిషి తరహాలోకి దిగాడు. "సరే, జరిగిందేదో జరిగింది. మెమో మార్చి రాద్దాం. 'ఇకపై నంబరు మాత్రమే రాస్తాను' అని సంతకం పెట్టించి దీన్ని పంపించేద్దాం. అందరికీ మంచిది."

నేను చిన్నదాని వైపు చూశాను. పెట్టేస్తుందనే అనుకున్నా. బతికిపోయాం కదా!

"పెట్టను సార్" అంది.

బల్ల దగ్గరికి ఒక అడుగు వేసింది. "నంబరు గోడకి రాసుంది సార్. గోడ గురించి నేను రాయక్కర్లేదు. మనిషి గురించి రాస్తాను. నా ఇంగ్లీషులో తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దండి, నేర్చుకుంటాను. జడకి ఇంగ్లీషు మాట చెప్పండి, రేపట్నించి అదే రాస్తాను. రాయొద్దంటే మాత్రం ఊరుకోను." మెమో కాయితం మీద వేలు పెట్టింది. "ఇంకోటి సార్. ఇందులో దిస్ ఆయా, దిస్ ఆయా అని నాలుగు చోట్ల ఉంది. పదకొండేళ్ళ నుంచి ఈ గుమ్మంలోనే కదా నేను తిరుగుతున్నది. పరిచయం ఇంకా అవలేదా? ఇంకా వేలు పెట్టి చూపిస్తారేంటి?"

ఇంట్లో పల్లెత్తు మాట అనని మనిషి! నాకు ఏడుపొచ్చింది. కర్టెనుతోనే ముక్కు తుడుచుకున్నాను. ఉతికిందే, ఫర్వాలేదు.

డాక్టరమ్మ మెమో తీసుకుని నాలుగు మడతలు పెట్టి తన కోటు జేబులో వేసుకుంది. "ఆవిడ వార్డులోనే ఉంటుంది" అంది. సిస్టరుతో, "ఇవాళ్టి నుంచి ఆవిడ రాసింది చివరిదాకా చదివాకే బండి కదలాలి. " అంది. చిన్నదాని వైపు తిరిగి, "ప్లెయిట్ అంటారమ్మా జడని, కానీ నువ్వు జడ అనే రాయి, నాకు తెలుసు" అని లేచి వెళ్ళిపోయింది.

అంతా సుఖాంతం అనుకోకండి. సిస్టరు మీద ఈగ కూడా వాలలేదు. నెలాఖరుకి చిన్నదాని కాంట్రాక్టు ఏడాదికి బదులు ఆరు నెలలకే పొడిగించారు. మేనేజరు అక్కసు ఎక్కడో అక్కడ తీర్చుకోవాలిగా. ఇది ఆరు నెలల కాయితం మడిచి డబ్బాలో పెట్టి, "ఆరు నెలల తర్వాత మళ్ళీ పోట్లాడదాం అక్కా" అంది. జడపిన్ని ఆపరేషన్ మరుసటి బుధవారం అయింది. జడకి ఏమీ కాకుండా గుడ్డ చుట్టి పంపింది చిన్నది.

ఆ మర్నాడు నేను దుప్పట్లు మడత పెట్టుకుంటుంటే మేనేజరే నా గదికొచ్చాడు. ఆయన కాలు నా గడప తొక్కడం అదే మొదలు. మొహం ముడుచుకుని ఉంది.

"అదేది?" అన్నాడు.

"ఏది సార్? దుప్పటా? రబ్బరు షీటా?"

"అదే... మీ తోడికోడలు. మా అత్తయ్యకి సూది వెయ్యాలి. చెయ్యి పట్టుకునే ఆవిడ వస్తేనే వేయించుకుంటానని కూర్చుంది. దుప్పట్ల కోసం ఇక్కడికొచ్చిందట, దాన్ని తొందరగా పంపించు."

మడత పెట్టే దుప్పటి బల్ల మీద పెట్టాను. నడుం మీద చేతులు పెట్టుకున్నాను. ఆయన నాకంటే జానెడు పొడుగు, అయినా తలెత్తలేదు నేను. ఆయనే వంగి వినాల్సొచ్చింది.

"సార్, దాన్ని అది అనడానికి నేను ఇరవై రెండేళ్ళు దానితో ఒకే పొయ్యి మీద వండాను. దాని పురుడికి నీళ్ళు కాచాను. దాని జ్వరానికి మేలుకున్నాను. అది నా సొంతం, కాబట్టి అది అంటాను. మీరు ఏం వండారు? మీరు ఆవిడ అనండి. అంటే చెప్తాను ఎక్కడుందో."

ఆయన గుమ్మం దాకా వెళ్ళాడు. మళ్ళీ వెనక్కొచ్చాడు. వార్డులో అత్తగారు ఎదురుచూస్తోంది మరి.

"ఆవిడ... ఎక్కడున్నారు?" అన్నాడు.

"దుప్పట్లు తీసుకుని వార్డులోకే వెళ్ళారు సార్. ఆవిణ్ణి అక్కణ్ణించి పంపించెయ్యాలని చూసింది మీరే కదా" అని, నా దుప్పటి నేను మడత పెట్టుకున్నాను.